ఎవరూ కొలవని సముద్రం

దేముడమ్మ ఫోన్ చేసేసరికి మంగళవారం ఉదయం పదిన్నర. జయంతి విశాఖపట్నంలోని సముద్ర సమాచార భాండాగారంలో, తన గదిలో, బంగాళాఖాతం పటం ముందు కూర్చుని ఉంది. పటం నిండా ఆకుపచ్చ చుక్కలు. ఒక్కో చుక్కా ఒక బోయా. ఫుట్‌బాల్ కంటే కాస్త పెద్దదైన ప్లాస్టిక్ బంతి, దాని కింద నీళ్లలో వేలాడే పొడవాటి గుడ్డ గొట్టం. లంగరు లేకుండా ప్రవాహం ఎటు లాగితే అటు పోతూ, నీటి వేడినీ గాలి ఒత్తిడినీ గంటకోసారి ఉపగ్రహం ద్వారా పంపుతుంటుంది. ఆ కొలతల్ని సరిచూసి, దాచి, ముప్పై ఒక్క దేశాలకు పంచడం ఈ భాండాగారం పని. తుఫాను లెక్కలన్నీ వీటి మీదే నడుస్తాయి.

"ఆదివారం పిల్లకి సెవులు కుట్టిస్తన్నాం. నువ్వొస్తన్నావా నేదా?" అంది దేముడమ్మ. జయంతి పుట్టిన ఊరు కొండరేవులో, అదే ఇంట్లో ఉంటున్న వదిన ఆమె.

"వస్తాను వదినా. అన్నయ్య అప్పటికి వచ్చేస్తాడా?"

"శనివారానికి వొచ్చేస్తానన్నాడు. బంగారయ్య పడవా మన పడవా జతగానే ఎల్లినాయి. నాలుగు దినాలయింది." ఆమె ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది. "అన్నట్టు మీ ఆపీసు బంతోటి మన పెరట్లో ఉందే. మీ అన్న పోయినసారి సేపల యేటలో వలకి తగులుకుంటే పట్టుకొచ్చినాడు. సెల్లికి సెప్పు అన్నాడు, నాను మర్సిపోనాను. కోళ్లెక్కి కూకుంటన్నాయి దాని మీద."

జయంతి నవ్వింది. చచ్చిన బోయాలు అప్పుడప్పుడూ ఒడ్డుకు చేరడం మామూలే. "దాని మీద నంబరుంటుంది చూడు."

"మూడు, ఒకటి, ఏడు."

ఊరికే చూద్దామని జయంతి 317 కొట్టింది. తెరమీద వివరాలు వచ్చాయి. *నేడు, ఉదయం పది గంటలు. తీరానికి 290 కిలోమీటర్లు. నీటి వేడి 28.4 డిగ్రీలు.* ఆకుపచ్చ రంగు. అంటే సరిచూసిన కొలత.

"వదినా, నంబరు మళ్లీ చూడు. ఫొటో తీసి పంపు."

ఫొటో వచ్చింది. తెల్ల బంతి మీద ఎర్ర కోడిపెట్ట నిలబడి ఉంది. దాని కాళ్ల కింద నల్లటి అంకెలు స్పష్టంగా ఉన్నాయి. 317.

"తెచ్చి ఎన్నాళ్లయింది?"

"అమాస ముందు. పద్దెనిమిది దినాలు. ఏటి జయంతీ, అలగున్నావు?"

జయంతి తరవాత మాట్లాడతానని ఫోన్ పెట్టేసింది. పెరట్లో ఉన్న బోయా పద్దెనిమిది రోజులుగా నడిసముద్రంలో తిరుగుతూ గంటగంటకీ కొలతలు పంపుతోంది. వాటిని రాస్తున్నది ఎవరో ఆమెకు తెలుసు.

ఎనిమిదేళ్ల కిందట ఆమె ఒక ప్రోగ్రామ్ తయారుచేసింది. దాని పేరు పూరకం. బోయా ఒక గంటో ఒక రోజో మూగబోతే లెక్కలో ఖాళీ పడుతుంది. పూరకం ఇరవై ఏళ్ల పాత కొలతల్నించి సముద్రం నడకను నేర్చుకుని ఆ ఖాళీలో ఉండాల్సిన అంకె రాస్తుంది. బోయా మళ్లీ పలికినప్పుడు పోల్చి చూస్తే తేడా ఒక పదోవంతు డిగ్రీ కూడా ఉండేది కాదు. మొదట్లో పూరకం రాసిన ప్రతి అంకె పసుపురంగులో ఉండేది. అది ఊహ అని అందరికీ తెలియాలని. నాలుగేళ్ల కిందట జయంతే ఒక నియమం పెట్టింది: చుట్టుపక్కల నాలుగు బోయాల కొలతలతో సరిపోతే పసుపు ఆకుపచ్చ అయిపోవచ్చు. ఆ కాగితం మీద సంతకం కూడా ఆమెదే. ఆ నాలుగు కూడా మూగబోతే ఏమవుతుందని ఆ రోజు ఎవరూ అడగలేదు. ఆమె కూడా అడగలేదు.

ఉపగ్రహం నుంచి నిజంగా వచ్చిన సంకేతాల చిట్టా వేరే ఉంటుంది. ఏళ్లుగా ఎవరూ తెరవనిది. జయంతి తెరిచింది. బంగాళాఖాతంలో ఉన్న నూట నలభై బోయాల్లో ఈ వారం నిజంగా పలికినవి పదకొండు. అవన్నీ అండమాన్ దగ్గరో, శ్రీలంక ఒడ్డునో ఉన్నాయి. మధ్యలో, రెండు రాష్ట్రాలంత మేర, ఇరవై మూడు రోజులుగా ఒక్క సంకేతమూ లేదు.

ఆమె పటం వంక చూసింది. చుక్కలు మెల్లగా కదులుతూనే ఉన్నాయి. చచ్చినవన్నీ ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకుంటూ పచ్చగా వెలుగుతున్నాయి. పక్క కిటికీలో ఆ ఉదయం వాతావరణ ప్రకటన ఉంది: *మధ్య బంగాళాఖాతంలో బలహీన అల్పపీడనం. నీరు చల్లగా ఉన్నందున రెండు రోజుల్లో సమసిపోతుంది. మత్స్యకారులు వెనక్కి రానక్కర్లేదు.*

నీరు చల్లగా ఉందని చెప్పింది పూరకం.

డైరెక్టర్ పద్మనాభం గారు వచ్చే ఏడాది రిటైరవుతారు. జయంతి చెప్పిందంతా విని కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు.

"నూట ఇరవై తొమ్మిది బోయాలు ఒకేసారి ఎందుకు చస్తాయమ్మా? సంకేతాలు అందుకునే చోట ఏదో లోపం అయ్యుండొచ్చు కదా. బోయాలు బాగానే ఉన్నాయేమో."

"అయ్యుండొచ్చు సార్. కానీ ఒకటి మా వదిన పెరట్లో ఉంది."

"ఒకటి. ఒక్కటి చూపించి ముప్పై ఒక్క దేశాలకు మన కొలతలు అబద్ధమని చెప్పమంటారా? కారణం తెలుసుకోండి. తెలిశాక మాట్లాడదాం."

ఆయన మాటలో తప్పు లేదనిపించింది. ప్రతి బోయాలోనూ ఒక మెమరీ కార్డు ఉంటుంది. ఉపగ్రహానికి అందకపోయినా కొలిచినవన్నీ అందులో మిగులుతాయి. జయంతి ల్యాప్‌టాప్, స్క్రూడ్రైవర్ సంచిలో వేసుకుని కారు తీసింది.

కొండరేవు చేరేసరికి పన్నెండు దాటింది. గాలి లేదు. వీధిలో ఎండబెట్టిన మెత్తళ్ల చేపల వాసన, ఇసుక మీద కళ్లు తెరవనివ్వని ఎండ. దేముడమ్మ కోళ్లను తోలి బంతిని నులకమంచం దగ్గరికి దొర్లించింది. పక్కింటి పోలమ్మ, బంగారయ్య భార్య, గోడ మీంచి చూసి తనూ వచ్చింది.

"ఏటమ్మా జయంతీ, బంతికోసం ఇంత దూరమొచ్చినావా? అందులో బంగారముందేటి?" అని నవ్వింది.

జయంతి మరలు విప్పింది. మూత తీయగానే ఘాటైన వాసన వచ్చింది. లోపల బ్యాటరీలు ఉబ్బి, పగిలి, గోధుమరంగు జిగురు కారి ఎండిపోయి ఉన్నాయి. కార్డు మాత్రం బాగానే ఉంది. ల్యాప్‌టాప్‌లో పెట్టి చివరి పేజీకి వెళ్లింది.

30.9. తరవాతి రోజు 31.3. ఆపైన 31.8. చివరి ఆరు రోజులూ వేడి పెరుగుతూనే ఉంది. ఆఖరి వరసలో 32.7 ఉంది. దాని కింద ఏమీ లేదు.

చుట్టూ నీళ్లు ముప్పై రెండున్నర డిగ్రీలు దాటితే, మూసిన బంతిలో చల్లారే దారి లేక ఈ రకం బ్యాటరీ ఉబ్బి పగులుతుందని తయారీదారు కాగితాల్లో చదివిన గుర్తుంది. బంగాళాఖాతం నడిమధ్య నీళ్లు అంత వేడెక్కుతాయని ఎవరూ అనుకోలేదు. బోయాలను చంపింది వేడి. ఎక్కడెక్కడ బోయా చచ్చిందో అక్కడక్కడ నీళ్లు అంత వేడెక్కాయని అర్థం. సరిగ్గా అక్కడే పూరకం కూర్చుని, ఇరవై ఏళ్ల పాత సముద్రాన్ని తలుచుకుని, 28.4 అని రాస్తోంది. ఉపగ్రహం పైనుంచి చూసి వేడిగా ఉందని చెప్పిన మాటను కూడా, బోయాలతో పోల్చి, పొరపాటని దిద్దేసింది. ఆ దిద్దుబాటు నియమమూ జయంతి పెట్టిందే.

అంత వేడి నీళ్లమీద ఉన్న అల్పపీడనం సమసిపోదు.

"వదినా, అన్నయ్య వాళ్లు ఎంత దూరంలో ఉన్నారు?"

"పొద్దున్న రెండొందల ఇరవై కిలోమీటర్లని సూపించింది," అని దేముడమ్మ తన ఫోన్ చూపించింది. పడవలో ట్రాన్స్‌పాండర్ ఉంది. సెల్ సిగ్నల్ లేనిచోట కూడా పడవ ఎక్కడుందో చెబుతుంది, చిన్న చిన్న సందేశాలు అటూ ఇటూ చేరవేస్తుంది. "ఏటైంది? నీ మొకం సూస్తే నాకు బయమేస్తంది."

జయంతి పెరటి మూలకు పోయి డైరెక్టర్‌కు ఫోన్ చేసింది. అప్పుడు ఒంటిగంటా ఇరవై. ఆయన ఈసారి వాదించలేదు. "ఐదు గంటలకు కమిటీని పిలుస్తాను. అందాకా మీరేమీ ముట్టుకోకండి. కొలతలు వెనక్కి తీసుకుంటే పటం ఖాళీ అయిపోతుంది. ఖాళీ పటం చూసి జనం భయపడిపోతారు," అన్నారు.

"భయపడాలి సార్."

"ఐదింటికి, జయంతీ."

పూరకం రాసిన అంకెలన్నిటికీ మళ్లీ పసుపురంగు వేసే అధికారం దాన్ని తయారుచేసిన మనిషిగా జయంతికి ఉంది. మంచం మీద కూర్చునే చెయ్యొచ్చు. అయినా చెయ్యలేదు. తను చూసింది ఒక్క బోయా. అది ఒక్కటే పాడైందేమో. ఓడరేవులు మూసేసి, వందల ఓడలను దారి మళ్లించి, చివరికి అల్పపీడనం సమసిపోతే? ఆమె కార్డులోని అంకెలను మళ్లీ మళ్లీ చదివింది. తన భయానికి తనే సమాధానాలు వెతుక్కుంది. దేముడమ్మ అన్నం పెడితే కెలికి వదిలేసింది. రెండయింది. మూడయింది.

మూడుంపావుకు పోలమ్మ ఫోన్ పట్టుకుని మళ్లీ వచ్చింది. ఇప్పుడు ఆమె నవ్వడం లేదు.

"మా ఆయన ఏదో పంపినాడు. సదివి సెప్పమ్మా."

జయంతి చదివింది. *నీలు ఏడిగా ఉన్నయి. సేయి పెడితే తెలస్తంది. సేపలు సచ్చి తేలతన్నయి. ఇలగ ఎప్పుడూ సూడనేదు.*

ఇరవై మూడు రోజుల్లో ఆ నీళ్ల నడిమి నుంచి వచ్చిన మొదటి నిజమైన కొలత అది. ఒక మనిషి చెయ్యి పెట్టి చూసి చెప్పింది.

ఆమె మంచం మీద కూర్చుని ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుంది. పాస్‌వర్డ్ రెండుసార్లు తప్పు పడింది. మూడోసారి తెరుచుకుంది. *ఈ మార్పు అందరు వినియోగదారులకూ వెంటనే చేరుతుంది. కొనసాగించాలా?* ఆమె అవునని నొక్కింది. పటంలో మధ్యనున్న చుక్కలు ఒక్కొక్కటే పసుపు తిరిగాయి. ఊహ అని ముద్ర పడిన అంకెలను దేశదేశాల తుఫాను లెక్కలు వాటంతటవే పక్కన పెట్టేస్తాయి. అలా పక్కన పెట్టగానే ఆ చుక్కలూ ఆరిపోయాయి. అంచుల్లో పదకొండు చుక్కలు మిగిలాయి. నడుమంతా నల్లగా ఉంది.

నాలుగు గంటల నుంచీ ఆమె ఫోన్ మోగడం ఆగలేదు. నాలుగూ పదికి డైరెక్టర్ మాట్లాడారు.

"పటం మధ్యలో ఏమీ లేదు జయంతీ."

"ఇరవై మూడు రోజులుగా లేదు సార్."

"వాతావరణ కేంద్రం వాళ్లు ఉపగ్రహం కొలతల్ని దిద్దకుండా లెక్క వేసి చూశారట. రేపు సాయంత్రానికి అతితీవ్ర తుఫాను. హెచ్చరిక ఇప్పుడే పంపుతున్నారు."

కాసేపట్లోనే తీరమంతా గోల మొదలైంది. ఊళ్లో మైకు పలికింది. ఆడవాళ్లు ఫోన్లు పట్టుకుని ఇసుకలోకి పరుగెత్తారు. సముద్రం మాత్రం ఇంకా నూనె పోసినట్టు నున్నగా ఉంది.

దేముడమ్మ ఫోన్ కిచ్‌మంది. జయంతి అన్నయ్య ఎల్లాజి. *అర్జెంటుగా రమ్మంటన్నారు. ఎటు రావాలి. పడమరా ఉత్తరమా. సెల్లినడుగు.*

పడమరగా వస్తే ఇల్లు దగ్గర, కాని తుఫాను ముందునుంచి దాటాలి. ఉత్తరానికి పోతే ఒడిశా ఒడ్డు, చాలా దూరం. దేముడమ్మ ఆమె భుజం పట్టుకుంది.

"నీ మిషనునడుగు. అది అన్నీ సెప్తాది కదా. అడుగు, జయంతీ, బేగి."

పూరకం ఇంకా ల్యాప్‌టాప్‌లో తెరిచే ఉంది. అడిగితే క్షణంలో చెబుతుంది. ప్రవాహం ఇటు, గాలి ఇంత, దారి ఇదీ అని దశాంశాలతో సహా చెబుతుంది. చెప్పినదాన్ని ఎవరైనా నమ్ముతారు. జయంతి వేలు మీట దాకా వెళ్లింది. ల్యాప్‌టాప్ మూసేసి, వదిన ఫోన్ తీసుకుని రాసింది.

*అన్నయ్యా, నాకు తెలీదు. మా లెక్కలన్నీ తప్పు. నీ కళ్లతో చూసి నువ్వే నిర్ణయించుకో. బంగారయ్య బావకూ చెప్పు.*

"తెలీదంటావేటి?" అంది దేముడమ్మ. "తెలీదని సెప్తావేటి నువ్వు?"

ఐదు నిమిషాల తరవాత జవాబు వచ్చింది. *సరే.*

ఆ తరవాత ఏమీ రాలేదు.

ఆ రాత్రి జయంతి విశాఖపట్నం తిరిగి వెళ్లలేదు. బుధవారం గాలి లేచింది. మధ్యాహ్నానికి వీధిలో రేకులు ఎగిరాయి. ఊరంతా బడిలో చేరింది. దేముడమ్మ పిల్లను ఒళ్లో పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. ఆడపడుచుతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ప్రతి పావుగంటకీ ఫోన్ తీసి చూసేది. పడవ గుర్తు సాయంత్రానికే మాయమైంది. గురువారం వాన వెలిసింది. చుట్టుపక్కల రేవుల నుంచి వెళ్లిన అరవై నాలుగు పడవల్లో అరవై ఒడ్డుకు చేరాయని కబురొచ్చింది. ఆ మిగిలిన నాలుగింటిలో కొండరేవువి రెండు.

శుక్రవారం పొద్దున్న తొమ్మిదింటికి తెలియని నంబరు నుంచి దేముడమ్మకు ఫోన్ వచ్చింది.

"నానే," అన్నాడు ఎల్లాజి.

దేముడమ్మ ఫోన్ జయంతి చేతిలో పెట్టేసింది.

"ఒడిశాలో ఉన్నాం. పడవ పోనాది. ఆరుగురమూ ఉన్నాం." అతని గొంతు ఉప్పుతో గరగరలాడుతోంది. "అలలు ఆగ్నేయం నించి వొచ్చినాయి. ఎనకనించి దెబ్బ తింటే ఉత్తరానికే తోస్తాదని ఎల్లిపోనాం. బంగారయ్య బావ ఇనలేదు. ఇంటికే తిప్పినాడు. ఆడొచ్చినాడా?"

జయంతి గోడ మీంచి పక్కింటి వైపు చూసింది. పోలమ్మ గుమ్మంలో నిలబడి ఇటే చూస్తోంది.

మిగతా మూడు పడవల జాడా దొరకలేదు. ఆ మూడింటిలో పదిహేడుమంది. విచారణ కమిటీ ముందు జయంతి ఏదీ దాచలేదు. నియమాలు తనవేనని, సంతకం తనదేనని చెప్పింది. కమిటీలో ఒకాయన మెచ్చుకోలుగా, ధైర్యం చేసి చాలామందిని కాపాడారమ్మా అన్నాడు. ఆ రోజు నుంచీ ఆమె తలలో ఒకటే లెక్క నడుస్తోంది. ఒంటిగంటా ఇరవై నుంచి మూడుంపావు దాకా. గాలి లేవకముందు ఆ రెండు గంటల్లో పడవ పాతిక కిలోమీటర్లు వచ్చేది.

బంగారయ్య పోయిన పదకొండో రోజు పొద్దున్న ఆమె కొండరేవు వెళ్లింది. ఒడ్డున పోలమ్మ ఒక్కతే ఉంది. బంధువులు కాస్త దూరంలో, తాడిచెట్ల కింద నిలబడ్డారు. ఆమె ముందు అరిటాకులో మొగుడికి పెట్టే అన్నం, చేప కూర, ఒక చుట్ట.

జయంతి దగ్గరికి వెళ్లి, అంతా చెప్పింది. పూరకం సంగతి చెప్పింది. ఆ రోజు మంచం మీద కూర్చుని రెండు గంటలు ఏమీ చెయ్యకుండా చూసిన సంగతీ చెప్పింది. "బావ పంపిన మాట చూశాకే అక్కా, నేను నమ్మింది."

"అందాకా ఎందుకు సూసినావు?" అంది పోలమ్మ.

"భయమేసింది," అంది జయంతి.

పోలమ్మ నీళ్లవైపు చూసింది. ఆకు చేతుల్లోకి తీసుకుని లేచింది.

"ఇది ఏ పక్కకి తిరిగి వొదలాలో సెప్పు. ఏ పక్కయినా ఒకటేనని ఆళ్లంటన్నారు. నాకలగ కుదరదు."

బంగారయ్య పడవ నుంచి వచ్చిన ఆఖరి సంకేతం జయంతి దగ్గర ఉంది. అది నిజంగా వచ్చినదే. ఆమె ఫోన్‌లో దిక్కు చూసుకుని చెయ్యి చాపింది.

"ఇటు. నూట ముప్పై కిలోమీటర్లు. బుధవారం పొద్దున్న ఐదూ ఇరవైకి అక్కడున్నాడు."

"ఆ తరవాత?"

"తెలీదక్కా."

పోలమ్మ ఆ చేతి వెంట చూసింది. నీళ్లు తప్ప ఏమీ లేవు. ఆమె చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని అలల్లోకి దిగుతూ, వెనక్కి తిరగకుండానే అంది.

"నానొచ్చిందాకా ఆ సెయ్యి దించకు."

జయంతి దించలేదు. పోలమ్మ మోకాలు లోతు దాకా, నడుము లోతు దాకా వెళ్లింది. ఒక్కో అల వచ్చినప్పుడల్లా ఆగి, తల తిప్పి ఆ చెయ్యి చూసుకుని, మళ్లీ అటే నడిచింది. ఆకు నీళ్లమీద పెట్టి వదిలింది. జయంతి భుజం మండుతోంది. చెయ్యి కాస్త పక్కకు జరిగినా దిక్కు తప్పుతుందేమోనని రెండో చేత్తో మొదటి చెయ్యిని పట్టుకుని నిలబడింది.